లాంగి వదిన నాటిన తీగ

"పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటావు, ఆ గడ్డి కాస్త పీకితే ఏం పోతుంది" అన్నాడు పెని, చాప మీద వెల్లకిలా పడుకుని.

ఫువా అప్పటికి గడ్డి పీకుతూనే ఉంది. వెలుగు రాకముందు మొదలుపెట్టింది, ఇప్పుడు ఎండ వీపు మీదికి వచ్చింది. ఇంటికి గోడలు లేవు. పడుకున్నవాడు తల పక్కకు తిప్పితే పెరడంతా కనిపిస్తుంది. పెని తల తిప్పలేదు. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, ఆ తల అటు తిరగడం ఫువా ఎన్నడూ చూడలేదు. ఆమె చేతిలో తుంగ ఉంది. తుంగ పీకేటప్పుడు మాట్లాడకూడదు. ధ్యాస తప్పితే ఆకు చేతికొస్తుంది, గడ్డ లోపల ఉండిపోతుంది. వచ్చే వారానికి నలుగురు పిల్లల్ని వెంటేసుకుని బయటికొస్తుంది.

ఆ పెరట్లో ఫువాకు తెలియని కలుపు లేదు. గరికను జుట్టు పట్టుకున్నట్టు మొదట్లో పట్టుకోవాలి. అత్తిపత్తి తాకగానే ఆకులు ముడుచుకుని నేనేం ఎరగనమ్మా అన్నట్టు పడుకుంటుంది. జాలిపడి చెయ్యి వేస్తే కింద ముళ్ళు. దాన్ని కత్తి మొనతో చుట్టూ తవ్వి, ఆకులు మళ్ళీ తెరుచుకునేలోగా ఎత్తేయాలి. ఇవన్నీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. కోడలిగా వచ్చిన రెండో రోజు చేతికి కత్తి ఇచ్చి పెరడు చూపించారు. పుట్టింట్లో ఆమె కత్తి పట్టి ఎరగదు. అక్కడ ఆమె ఆడపడుచు. సమోవాలో ఏ ఊళ్ళోనైనా అంతే. పుట్టినూళ్ళో ఆడది కూర్చుంటుంది. మెట్టినూళ్ళో గొంతుక్కూర్చుంటుంది.

తెలిసిన కలుపంతా పీకొచ్చు. ఒక్కటి మాత్రం పీకకూడదు.

దాన్ని తెచ్చింది లాంగి వదిన. పెనికి పెద్దక్క. మొగుడు పోయాక పుట్టినూరికే వచ్చి పక్కింట్లో ఉంటోంది. ఊరి ఆడవాళ్ళ కమిటీకి ఆమే పెద్ద. అయిదేళ్ళ కిందట పట్నం వెళ్ళి, ఏదో హోటలు ముందు పసుప్పచ్చ పూల తీగ చూసి ముచ్చటపడి, రెండు కొమ్మలు విరిచి, తడిగుడ్డలో చుట్టి, ఓడలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఇంటి ముందు తండ్రి సమాధి పక్కన తన చేత్తో నాటింది. అదొక్కటే ఆమె ఆ పెరట్లో చేసిన పని. నాటి, చేతులు దులుపుకుని, "నాన్నకి పూలంటే ఇష్టం. దీన్నెవరూ ముట్టుకోవద్దు" అంది.

నాన్నకి ఇష్టమైంది కార్న్‌డ్ బీఫ్ డబ్బా అని ఫువాకు తెలుసు. ఆరేళ్ళు వండి పెట్టింది ఆమే.

తీగ మొదటి ఏడాది సమాధి చుట్టూ అల్లుకుంది. రెండో ఏడాది దారి దాటింది. మూడో ఏడాది చేమ మడిలోకి వెళ్ళింది. పీకకూడదు, కోయకూడదు. అందుకని ఫువా రోజూ పొద్దున్నే దాని చేతుల్ని ఒక్కొక్కటే ఎత్తి, సమాధి వైపు తిప్పి పడుకోబెట్టేది. తాగి దారిలో పడిపోయినవాణ్ణి ఇంటివైపు తిప్పినట్టు. మర్నాటికి మళ్ళీ దారిలోనే ఉండేది. వచ్చినవాళ్ళు సమాధి ముందు నిలబడి, "అబ్బ, గీత గీసినట్టు ఎంత చక్కగా పెరిగిందో, లాంగి చెయ్యి మంచిది" అనేవాళ్ళు. లాంగి తల పంకించేది.

ఇప్పుడది వంటపాక వెనక మొగలి మొక్కల దాకా వచ్చింది. అక్కడే ఫువాకు గుండెల్లో రాయి పడింది. ఏడాది చివర ఆమె తమ్ముడు ఎటీ ఇంటి పెద్దరికం అందుకుంటాడు. ఆ రోజు అక్క చాప తేవాలి. మొగలి ఆకు ఉడికించి, ఎండబెట్టి, దారంలా చీల్చి అల్లిన చాప, గుడ్డలా మడత పడేది. అక్క ఉత్త చేతులతో వస్తే తమ్ముడికి తలవంపు, అక్కకు అంతకంటే ఎక్కువ. చాప సగం అయింది. మిగతా సగానికి ఆకు ఆ పన్నెండు మొక్కల మీద ఉంది. తీగ అందులో ఏడింటిని కప్పేసింది. కప్పిన చోట ఆకు పసుపురంగు తిరిగింది.

మంగళవారం కమిటీ పెరళ్ళ తనిఖీ. అందరూ ఒకే పూల గుడ్డ కట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ముందు ఊరి ఆడపడుచులు, వెనక కోడళ్ళు. ఈసారి వ్యవసాయం ఆఫీసు మనిషి ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు. దాని మీద పదకొండు చెడ్డ మొక్కల బొమ్మలు. ఇవి ఎక్కడ కనిపించినా తీసేయాలి, లేకపోతే ఊరు ఊరంతా మింగేస్తాయన్నాడు. లాంగి ఆ కాగితాన్ని పాటల పుస్తకంలా రెండు చేతులా పట్టుకుని నడుస్తోంది. పదకొండు బొమ్మల్లో నాలుగోది ఆమె తీగే. పసుప్పచ్చ పువ్వు, మూడు పాయల ఆకు, అన్నీ అచ్చుగుద్దినట్టు.

ఆ సంగతి అందరూ చూశారు. చూసి ఎవరి కాలివేళ్ళు వాళ్ళు చూసుకున్నారు.

ఫువా పెరట్లోకి వచ్చారు. లాంగి ఒకటో బొమ్మ చూసింది, లేదు అంది. రెండోది లేదు అంది. మూడోది లేదు అంది. నాలుగోదాని మీద వేలు పెట్టి, అయిదోది లేదు అంది.

సెలా అని ఎనభై ఏళ్ళ ముసలమ్మ ఉంది. ఊళ్ళో పెద్ద ఆడపడుచు. పళ్ళు లేవు, భయం అంతకంటే లేదు. "నాలుగోది చెప్పలేదేమే లాంగీ" అంది.

"నాలుగోది మన ఊళ్ళో ఎక్కడుంది పెద్దమ్మా."

"నువ్వు దాని మీదే నిలబడ్డావు."

లాంగి కిందికి చూసింది. కాగితం చూసింది. "ఇది వేరు. బొమ్మలో పువ్వు చిన్నది. మాది పెద్దది."

"బొమ్మ కాగితంలో పట్టాలి కదే. బొమ్మలో దాని పక్కనున్న పంది కూడా గోరంతే ఉంది చూడు."

వెనక కోడళ్ళలో ఎవరికో దగ్గొచ్చింది. అది ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. లాంగి వెనక్కి చూసేసరికి అందరి దగ్గూ తగ్గింది.

"సరే, అదే అనుకుందాం" అంది లాంగి. "అయినా అది నాన్న సమాధి మీద నేను నాటింది. నాటినవాళ్ళు తప్ప ఇంకెవరూ పెరకడానికి లేదు. ఈ ఊళ్ళో ఆడపడుచు నాటినదాన్ని కోడలు పెరికిన రోజు లేదు."

"మరి కాగితం?"

లాంగి కాగితం మడిచింది. ఆమె న్యాయంగల మనిషే. రూలు రూలే అంటుంది. "కాగితం ప్రకారం ఈ పెరట్లో చెడ్డ మొక్క ఉంది. పెరడు శుభ్రం కోడలి పని. కాబట్టి ఫువా నెల రోజులు ఆస్పత్రి దారి ఊడ్వాలి. తీగ మాత్రం ముట్టుకోకూడదు."

ఫువా అక్కడే నేల మీద కూర్చుని ఉంది. తలొంచుకుని "సరే వదినా" అంది. లోపల మాత్రం ఆ తీర్పును అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. ఆవిడ నాటింది, నేను పెరకకూడదు. పెరకలేదు కాబట్టి నేను ఊడ్వాలి. ఊడ్చినన్నాళ్ళూ అది పెరుగుతుంది. పెరిగింది కాబట్టి మళ్ళీ ఊడ్వాలి. తనకు డెబ్భై ఏళ్ళు వచ్చేదాకా ఆస్పత్రి దారి అద్దంలా ఉంటుంది.

ఆ సాయంత్రం ప్రార్థన అయ్యాక మొగుడితో, "మీ అక్కకి నువ్వైనా చెప్పు. మొగలి పోతోంది" అంది.

పెని చేమదుంప నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "అక్కకి నేను చెప్పేదా. మతి ఉండే అంటున్నావా. అక్క మనసు కష్టపడితే ఆ ఉసురు ఎవరికి తగులుతుంది, పిల్లలకి కాదూ."

"నా మనసు కష్టపడితే?"

పెని నిజంగానే ఆలోచించాడు. అట్లాంటి ఉసురు గురించి అతను ఎక్కడా వినలేదు. "నువ్వు కోడలివి కదా" అన్నాడు, తప్పు పట్టినట్టు కాదు, గుర్తుచేసినట్టు. తర్వాత అతనికి ఉపాయం తట్టింది. "పోనీ ఆ మొగలి మొక్కల్నే పక్కకి జరపరాదూ."

పన్నెండు మొక్కలు, ఒక్కోటి అతని కంటే ఎత్తు.

ఫువా గురువారం ఆస్పత్రి దారి ఊడ్చి, అట్నుంచి అటే బస్సెక్కింది. అదే దీవిలో అటు చివర ఆమె పుట్టినూరు. అమ్మ నాటిన మొగలి వరస అక్కడ తమ్ముడి పెరట్లో ఉంది. ఆ ఆకు తెచ్చుకుంటే చాప పూర్తవుతుంది. బస్సు నిండిపోయి, దారంతా ఎవరో లావుపాటావిడ ఒళ్ళో కూర్చుని వెళ్ళింది. పద్దెనిమిదేళ్ళలో ఆమెను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది ఆ బస్సులో వాళ్ళే. దిగబుద్ధి కాలేదు.

తమ్ముడి గుమ్మంలో కాలు పెట్టగానే ఆమె ఇంకో మనిషి అయింది. మంచి చాప పరిచారు. ఎటీ లేచి పక్కకు జరిగి చోటిచ్చాడు. మరదలు నోయెలా వంగి వంగి నడుస్తూ కోకో తెచ్చింది, కోడి తెచ్చింది, కొబ్బరిపాలు పోసి ఉడికించిన చేమాకు తెచ్చింది. ఫువా తింటున్నంతసేపూ పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలింది. నోయెలా ఇంకా తినలేదని ఫువాకు తెలుసు. తన ఇంట్లో తాను ఎప్పుడు తింటుందో ఆమెకు తెలుసు కదా. తెలిసి కూడా రెండో ముక్క తీసుకుంది. ఇక్కడ రెండో ముక్క తీసుకోకపోతే మరదలు వంట బాగోలేదని అర్థం.

తింటూ తన గోడంతా చెప్పుకుంది. "ఏం మనిషమ్మా ఆ లాంగి. ఎక్కడిదో తీగ తెచ్చి నా నెత్తిన నాటి, ముట్టుకోవద్దంటుంది. రోజూ ఎత్తి తిప్పేది మేం, కడుపు కాల్చుకునేది మేం. అది ఎట్లా పాకుతుందో ఆవిడకేం తెలుసు, చేత్తో పట్టుకుంటే కదా."

"అయ్యో" అంది నోయెలా.

"ఒక్క కణుపు మిగిలితే చాలు, మళ్ళీ మొదలు."

"అవునండీ, ఒక్క కణుపు చాలు" అంది నోయెలా. మరీ తెలిసినట్టు అంది. అని నాలుక కరుచుకుంది.

ఫువా ఆమె చేతులు చూసింది. వేళ్ళ సందుల్లో పచ్చని మరక. ఆ మరక ఫువాకు తెలుసు. అది సబ్బుకు పోదు, నిమ్మకాయకు పోదు. కోడి ముక్క ఆకులో పెట్టేసి లేచింది. నోయెలా కంగారుగా, "ఎక్కడికి వదినా, ఏం కావాలో చెప్పండి, నేను తెస్తాను" అంటూ వెంటపడింది. ఫువా వంటపాక వెనక్కి వెళ్ళింది.

అమ్మ నాటిన మొగలి వరస అక్కడ లేదు. ఉంది, కాని పసుప్పచ్చ పూల కింద ఉంది. పూల అంచు గీత గీసినట్టు ఉంది. ఎవరో రోజూ పొద్దున్నే దాని చేతులెత్తి వెనక్కి పడుకోబెడుతున్నారు.

మూడు క్రిస్మస్‌ల కిందటి సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది. లాంగి తీగ నుంచి నాలుగు కొమ్మలు వాటంతటవే ఊడి వచ్చాయి. పారేయడానికి ధైర్యం లేక, తడిగుడ్డలో చుట్టి, పుట్టింటికి పట్టుకొచ్చింది. వంటపాక వెనక అమ్మ సమాధి పక్కన నాటింది. చేతులు దులుపుకుంది. నోయెలాను పిలిచి ఏమందో ఆ మాటలు కూడా గుర్తొచ్చాయి. "అమ్మకి పూలంటే ఇష్టం. జాగ్రత్త, పీకేవు." అమ్మకు పూలంటే జలుబు చేసేది.

ఫువా లాంగిని దారి పొడుగునా తిట్టిన తిట్లు ఒక్కొక్కటే బస్సు దిగి నడిచి వచ్చి ఎదురుగా నిలబడ్డట్టయింది. ఒక్కటీ దారి తప్పలేదు.

"ముందే చెప్పొచ్చు కదా నోయెలా" అంది చివరికి.

నోయెలా తల వంచుకుంది. "మీరు లాంగి వదినకి చెప్పారా?"

ఫువా అటూ ఇటూ చూసి, వంటపాక చూరులోంచి కత్తి తీసింది. నోయెలా రెండు చేతులా కత్తి పట్టుకుంది. "వద్దు వదినా, మీరు కూర్చోండి, ఊళ్ళో ఎవరైనా చూస్తే నన్నేమంటారు." ఎటీ పరుగెత్తుకొచ్చాడు. "ఏం చేశావే మా అక్కని" అని పెళ్ళాం మీద కేకలేశాడు. "అక్కా, కత్తి దించు. నువ్వు కింద మట్టిలో కూర్చుంటే మన ఇంటికి అరిష్టం."

"నాటేటప్పుడు కిందనే కూర్చున్నాను, అప్పుడేం కాలేదే" అంది ఫువా. "నాటింది నేను, పెరికేది నేను. నోయెలా, వెళ్ళి కోకో తాగు. కూర్చుని తాగు."

నోయెలా కూర్చోవడానికి గంట పట్టింది. కప్పు పట్టుకుని మొదట నిలబడింది, తర్వాత గట్టు అంచున ఆనింది, తర్వాత కూర్చుంది. పక్కిళ్ళ కోడళ్ళు ఒక్కొక్కరే ఏదో పని ఉన్నట్టు వచ్చి చూసి వెళ్ళారు. ఒకావిడ నిప్పు అడగడానికి మూడుసార్లు వచ్చింది. ఎటీ చూస్తూ ఊరుకోలేక తానూ దిగాడు. మూడు తీగలు లాగి నడుం పట్టుకుని, "ఇది రోజూ చేస్తావా" అని పెళ్ళాన్ని అడిగాడు. అడిగి, జవాబు వినకముందే మొహం పక్కకి తిప్పుకున్నాడు. రెండు రోజులు పట్టింది. పీకిందంతా నల్లరాళ్ళ మీద ఎండేసి కాల్చారు. అమ్మ మొగలి వరసలో నాలుగు చెట్లే మిగిలాయి. వాటి ఆకు చాపకు చాలదు. మిగతాది తన పెరట్లో బతికి ఉన్న మొక్కల నుంచే రావాలి.

శనివారం ఇంటికి వచ్చింది.  బస్సులో ఒకటి నిశ్చయించుకుంది. ఆ ప్రకారం ఆదివారం పొద్దున లేచి, పొయ్యి రాళ్ళు వేడి చేసి, దుంపలు పెట్టి, దారిలోకి వచ్చిన తీగ చేతుల్ని చూసి, దాటి వెళ్ళిపోయింది. ఎత్తలేదు. సోమవారం ఎత్తలేదు. మంగళవారం మొగలి చుట్టూ ఉన్నవాటిని చూసినప్పుడు వేళ్ళు దురద పెట్టాయి. వేళ్ళను నడుము గుడ్డలో దోపుకుంది. వారమంతా చినుకులు. తీగకు అంతకంటే ఏం కావాలి.

"ఏమే, దారి కనబడటం లేదు" అన్నాడు పెని గురువారం.

"నాక్కూడా" అంది ఫువా.

మళ్ళీ ఆదివారం వచ్చింది. లాంగి వదిన తెల్లగౌను వేసుకుని, తెల్లటోపీ పెట్టుకుని, చర్చికి పోయే ముందు అలవాటు ప్రకారం తండ్రి సమాధి దగ్గరికి వచ్చింది. మెట్టు ఉండాల్సిన చోట కాలు వేసింది. మెట్టు తీగ కింద ఉంది. వదిన పూలలో కూర్చుండిపోయింది. టోపీ కొంచెం అవతల కూర్చుంది.

ఫువా పరుగున వెళ్ళి లేవదీసింది. గౌను వెనక పచ్చమరక, పళ్ళెమంత.

"దీనికేమైంది" అంది లాంగి, తీగను చూస్తూ. "ఇట్లా ఎప్పుడూ లేదే. దీనికేదో అయింది."

"ఏమీ కాలేదు వదినా. అది అంతే."

"అయిదేళ్ళూ ఒద్దికగా ఉంది కదే."

"ఒద్దిక దానిది కాదు."

లాంగికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఈలోగా ఫువా నోయెలా సంగతి చెప్పింది. తీగ తాను తీసుకెళ్ళి నాటినదీ, ముట్టుకోవద్దన్నదీ, రెండు రోజులు తానే పెరికిందీ, ఏదీ దాచలేదు.

"ఆడపడుచువి, మరదలి ఎదుట గొంతుక్కూర్చున్నావా" అంది లాంగి.

"కూర్చున్నాను."

"ఆవిడ?"

"కోకో తాగింది."

"ఎవరికైనా ఏమైనా అయిందా? ఉసురూ అదీ?"

"ఎటీకి నడుం పట్టేసింది. అంతే." ఫువా లాంగి టోపీకి అంటుకున్న ఆకులు తీసి చేతికిచ్చింది. "మీరు నాటినదాన్ని నేను పెరకను వదినా. రూలు రూలే. కాని ఇన్నాళ్ళలా రోజూ ఎత్తి పడుకోబెట్టను కూడా. ఆస్పత్రి దారి కూడా ఇక ఊడ్వను. నాకు అల్లాల్సిన చాప ఉంది."

లాంగి టోపీ పెట్టుకుని వెళ్ళింది. చర్చిలో ఆ రోజు ఆమె గోడకు వీపు ఆనించి నిలబడే పాడింది.

సోమవారం వెలుగు వచ్చేసరికి ఎవరో కత్తి రాయి మీద నూరుతున్న చప్పుడు. ఫువా చాప మీద కూర్చుని కోకో కలుపుకుంటోంది. పెని లేచి కూర్చున్నాడు. పెద్దక్క పాతగౌను పైకి దోపి, సమాధి పక్కన తీగలో నిలబడి ఉంది. అయిదేళ్ళ కిందట నాటిన చేత్తోనే ఒక కొమ్మ పట్టుకుని లాగింది. కొమ్మ తెగింది, వేరు రాలేదు. ఇంకోటి లాగింది. అదీ తెగింది.

"ఫువా, అక్క ఒక్కతే..." అన్నాడు పెని. భార్య మొహం చూసి, తానే లేచాడు. "నేను చూపిస్తాను అక్కా" అని దిగి వెళ్ళాడు. వెళ్ళి, తీగలో మోకాలి దాకా నిలబడి, కిందికి చూశాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ కాసేపు అట్లాగే కిందికి చూశారు. తర్వాత ఇద్దరూ తలలు తిప్పి ఇంటి వైపు చూశారు.

"ఫువా" అంది లాంగి, మెల్లగా. "దీని వేరు ఎక్కడుందమ్మా?"

ఫువా కోకో ఒక గుక్క తాగింది. వేడిగా ఉంది, బాగుంది.

"ప్రతి కణుపు కిందా ఒకటుంటుంది వదినా" అంది, కూర్చున్న చోటి నుంచి.